రేడియో గొంతు

ఆ వీధిలో అతన్ని అందరూ రేడియో అనేవాళ్ళు. సెలూన్ షట్టరు ఎత్తిన దగ్గర్నించి దించేదాకా నోటికి విశ్రాంతి ఉండేది కాదు. ఎవరి కూతురికి సంబంధం కుదిరింది, మోకాళ్ళ నొప్పికి ఏ డాక్టరు మంచివాడు, ఏ ఇంటి అన్నదమ్ములు ఎందుకు విడిపోయారు, అన్నీ ఆ కుర్చీలో కూర్చుంటే తెలిసిపోయేవి. ఇంటికొచ్చినా అంతే. అతని భార్య ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుట్టేది. పెళ్ళయిన కొత్తలో అతని కబుర్లన్నీ వినేది. కొన్నాళ్ళకి ఊఁ కొట్టి ఊరుకునేది. తర్వాత్తర్వాత ఆ ఊఁ కొట్టడం కూడా మిషనుకే వదిలేసింది.

అందుకే అతని గొంతు బొంగురుపోయినప్పుడు ఇంట్లో ఎవరూ కంగారుపడలేదు.

"అంత వాగితే అరిగిపోదా మరి?" అంది ఆవిడ.

ఉప్పునీళ్ళు పుక్కిలించాడు, బిళ్ళలు చప్పరించాడు. తగ్గలేదు. మింగుతుంటే చెవిలోకి పోటు రావడం మొదలయ్యాక ఆవిడే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సరని తేలింది.

సర్జన్ ఏమీ దాచకుండా చెప్పాడు. గొంతులో మాట పుట్టే పెట్టె మొత్తం తీసేయాలి. ఆ తర్వాత ఊపిరి ముక్కుతో కాదు, మెడ ముందు పెట్టే కన్నంతోనే.

"మాట అసలు ఉండదా డాక్టరుగారూ?" అని ఆవిడ అడిగింది.

"ఈ మాట ఉండదమ్మా. కష్టపడి నేర్చుకుంటే ఇంకో రకం మాట వస్తుంది. అందరికీ రాదు."

ఆసుపత్రి మెట్లు దిగుతుండగా రేడియో ఆగి, "ఇంతకన్నా చావే నయం కదే," అన్నాడు.

"నయమో కాదో చచ్చాక మీరొచ్చి చెప్పలేరుగా. రేపొచ్చి సంతకం పెడదాం," అందావిడ. అని, ముందు నడిచింది. ఏడుపు రాలేదు. ఎందుకు రావట్లేదా అని దారంతా ఆలోచించింది.

ఆపరేషన్ రోజు పొద్దున అతన్ని స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే ఆవిడ పక్కనే నడిచింది. ఈ నడవా దాటితే ఆ గొంతు ఇక వినపడదు. పోయే ముందు తనతో ఏదో ఒకటి అంటాడని చూసింది. అతను స్ట్రెచర్ తోసే మనిషి తల వైపే చూస్తున్నాడు.

"నీకు క్రాఫు చేసినవాడెవడయ్యా? చెవి వెనకాల అలా వదిలేశాడు. మా షాపుకి రా, సరిచేస్తాను."

స్ట్రెచర్ తోసే మనిషి నవ్వాడు. తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి. రేడియో సొంత గొంతుతో అన్న ఆఖరి మాట అది. ఆవిడకి కోపం వచ్చింది. బెంచీ మీద కూర్చున్నంతసేపూ ఆ కోపం ఉండబట్టే కూర్చోగలిగింది.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. ముక్కులో గొట్టం, మెడకి రెండు పక్కలా గొట్టాలు, మధ్యలో గుండ్రటి కన్నం. నర్సు దగ్గరికి పిలిచి, కఫం ఎలా లాగాలో, చుట్టూ ఎలా తుడవాలో చూపించింది. ఆవిడ వంగి చూసింది. కుట్లు దగ్గర దగ్గరగా, ఒకే కొలతలో, శుభ్రంగా పడ్డాయి అనుకుంది. అంతా నేర్చుకుని, మళ్ళీ తన చేత్తో చేసి చూపించి, బాత్రూంలోకి వెళ్ళి వాంతి చేసుకుంది. ముఖం కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చుంది.

ఇంటికొచ్చాక అతనికి ఒక పలక కొనిచ్చింది. మొదట్లో నీళ్ళు, దిండు, ఫ్యాను అని రాసేవాడు. రేడియేషన్‌తో మెడ చర్మం కమిలి, తిండి సయించక, మనిషి సగమయ్యాడు. ఒంట్లో సత్తువ తగ్గేకొద్దీ కోపం పెరిగింది. పరామర్శకి వచ్చిన అతని అక్కయ్య కన్నం చూడలేక కిటికీ వైపు తిరిగి మాట్లాడిందని, అక్కయ్య వెళ్ళగానే పలక నిండా తిట్లు రాసి భార్య ముఖం ముందు పెట్టాడు.

"వదిన భయపడింది. అందులో తప్పేముంది?" అందావిడ.

చెరిపి మళ్ళీ రాశాడు. ఈసారి తిట్లు భార్యకి. నువ్వూ అంతే, నువ్వూ నా ముఖం చూడవు, కన్నమే చూస్తావు.

ఆవిడ చదివింది. అతను చెరిపి ఇంకా రాస్తున్నాడు. ఆవిడ కళ్ళు గట్టిగా మూసేసుకుంది.

అతను పలకతో భుజం మీద తట్టాడు. ఆవిడ కళ్ళు తెరవలేదు. కాపురం మొత్తంలో మొదటిసారి ఒక పోట్లాట ఆవిడ గెలిచింది. గెలిచాక ఏం చెయ్యాలో తెలియక అలాగే కూర్చుంది. కాసేపటికి బుస్సుమని చప్పుడైతే భయపడి కళ్ళు తెరిచింది. అతను నవ్వుతున్నాడు. నోట్లోంచి చప్పుడు లేదు, భుజాలు ఎగురుతున్నాయి, మెడలోంచి కఫం చిమ్ముతోంది. ఆవిడ గుడ్డ తీసుకుని తుడిచింది. తుడుస్తూ ముందు అతని ముఖం చూసింది, తర్వాత కన్నం. అతనన్న మాట నిజమే, ఇన్నాళ్ళూ ముందు కన్నమే చూసేది.

పుండు మానాక మాట నేర్పే అమ్మాయి దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారు. గాలి మింగి, తేన్పులా పైకి తెచ్చి, ఆ తేన్పునే మాట చెయ్యాలి. "పా" అనమంది. అతను సిగ్గుపడ్డాడు. నలుగురిలో తేన్చకూడదని చిన్నప్పుడు దెబ్బలు తిన్న మనిషి. వారాలు గడిచినా గాలి లోపలే ఉండిపోయేది.

"ఇంట్లోవాళ్ళు కూడా చేస్తే వీళ్ళకి సిగ్గు పోతుందండీ," అందా అమ్మాయి.

సరేనని ఆవిడ ఇంట్లో మిషను ముందు కూర్చుని గాలి మింగింది. రెండోరోజుకే గోడ అవతలికి వినపడేంత "పా" వచ్చింది. అతను నిర్ఘాంతపోయాడు. ఆవిడ "పాపా" అంది, "టోపీ" అంది.

"ఇంత తేలికైనదానికి అంత నసుగుడెందుకండీ మీకు?"

అతనికి ఒళ్ళు మండిపోయింది. పెరట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. తర్వాత రోజూ వెళ్ళేవాడు. ఒకరోజు ఆవిడ కాలరు కుడుతుండగా వెనక నుంచి, గరుకుగా, బావిలోంచి వచ్చినట్టు ఒక మాట వినపడింది.

"ఆపు."

మిషను చప్పుడుకి తన మాట తనకే వినపడట్లేదట. ఆవిడ ఆపింది. అతను ఇంకోసారి అన్నాడు. ఆవిడ చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని, మరోసారి అనమంది.

సెలూన్ తెరవడానికి ఇంకో చిక్కు ఉంది. కత్తిరించిన వెంట్రుకలు కన్నంలోకి పోతే ఊపిరే ఆగిపోవచ్చు. ఆవిడ పల్చటి నూలుగుడ్డ రెండు మడతలు వేసి, మెడకి కట్టుకునే చిన్న తెరలు బోలెడు కుట్టింది. గాలి ఆడాలి, వెంట్రుక దూరకూడదు. ఒకటి బిగువైంది, ఒకటి వదులైంది. చివరికి కుదిరింది.

మొదటిరోజు ఎక్కువమంది రాలేదు. వచ్చిన కొత్త మనిషొకడు ఆ గొంతు విని, పనుందని లేచి వెళ్ళిపోయాడు. రేడియో ఆ ఖాళీ కుర్చీని తుడుస్తూ ఉండిపోయాడు. తర్వాత రిటైరైన పోస్టుమాస్టరు వచ్చి, ఏమీ అడక్కుండా కూర్చుని మెడ వంచాడు.

ఏడాది తిరిగేసరికి పరీక్షల్లో జబ్బు ఛాయలేమీ కనపడలేదు. ఇప్పటికి బాగుంది, వస్తూ ఉండండి అన్నాడు సర్జన్.

ఒక మధ్యాహ్నం ఉతికిన తెరలు ఇవ్వడానికి ఆవిడ సెలూన్‌కి వెళ్ళింది. పోస్టుమాస్టరు ముఖం నిండా నురగతో కుర్చీలో ఉన్నాడు. రేడియో కత్తి పక్కన పెట్టి, గాలి మింగి, రెండు మాటలు చెప్పి, మళ్ళీ గాలి మింగుతున్నాడు.

"చూడమ్మా," అన్నాడు పోస్టుమాస్టరు, "సగం మాటలు నాకు అర్థం కావు, గడ్డం సగంలో ఉంది, ఈయన మాత్రం ఆగడు."

"అలవాటైపోతుంది లెండి," అందావిడ.

తెరలు అద్దం పక్కన పెట్టి బయటికి నడిచింది. స్కూళ్ళు తెరిచే రోజులు, ఇంట్లో యూనిఫారాలు గుట్టగా పడున్నాయి.