ఒంటికి పడని విశ్రాంతి

విశ్రాంతి అంట, విశ్రాంతి! ఆ మాట వింటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నేను అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌లో ఫోన్లు ఎత్తుతాను. ఎవరికో గుండెల్లో నొప్పి, ఎవరో మెట్ల మీంచి జారిపడ్డారు, ఏ లారీయో ఎవర్నో గుద్దేసింది... ఏదైనా సరే, మొదట వినేది నేనే. అందుకే ఒళ్ళంతా దద్దుర్లు లేచి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన మాత్రలు రాసి "ఒత్తిడి వల్లేనమ్మా, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో" అనగానే మా ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. "నేను చెప్పలా? పొద్దస్తమానం చావు కబుర్లు వింటుంటే ఒళ్ళు పాడవక ఏమవుతుంది?" నేనూ నిజమే కాబోలు అనుకున్నాను. సెలవు పెట్టాను.

మాత్రలతో పాటు ప్రకృతి వైద్యం కూడా చేయిద్దామన్నాడు మా ఆయన. సరే, మంచిదే. వారానికోసారి చికిత్సాలయానికి వెళ్ళాలి, మిగతా రోజులు ఇంట్లోనే చేసుకోవాలి. పొద్దున్నే కీరదోస రసం, పొట్ట మీద తడిమట్టి పట్టీ, ఆకులు మరిగించిన నీళ్ళతో స్నానం. సాయంత్రం కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలాలి. వినడానికి ఎంత హాయిగా ఉందో కదా. చేసేదెవరు మరి?

నేనే! కీర తొక్క తీసి, కోసి, మిక్సీ పట్టి వడగట్టేది నేను. మట్టి జల్లించి నానబెట్టి గుడ్డలో పరిచేది నేను. ఆ మట్టి గుడ్డలు ఉతికి చచ్చేదీ నేనే. నన్ను చూసుకోవడానికని మా అమ్మ వచ్చింది. వచ్చిన మర్నాడే, "ఎలాగూ తీస్తున్నావుగా, నాకూ ఓ గ్లాసు పొయ్యవే, కడుపులో మంటగా ఉంటోంది" అంది. "అయితే నాకూ" అన్నాడు మా ఆయన. వారం తిరిగేసరికి ఆయన హాల్లో, అమ్మ గదిలో, పొట్టల మీద నా మట్టి పట్టీలు వేసుకుని నిక్షేపంగా పడుకునేవాళ్ళు. నేను గోక్కుంటూ ఇద్దరి మధ్యా తిరుగుతున్నాను, ఎవరి పట్టీ ఎండిపోయిందా అని. "భలే చల్లగా ఉందోయ్ ఇది!" అని పైగా ఓ కితాబు! ఒళ్ళు మండదూ? ఇక ఊపిరి సంగతంటారా, కళ్ళు మూసుకుంటే చాలు, "నా చొక్కా ఇస్త్రీ అయిందా?" అని కేక.

చికిత్సాలయంలో అలా కాదు. అక్కడి వైద్యురాలు చన్నీళ్ళలో తడిపిన దుప్పటిని తనే పిండి, నా చుట్టూ చుట్టి, పైన కంబళి కప్పి "కదలకమ్మా" అనేది. కదలకు! ఎన్నేళ్ళయిందో ఆ మాట నాతో ఎవరైనా అని. నాకు ఏడుపు ఆగేది కాదు. ఏడ్చి ఏడ్చి నిద్రపోయేదాన్ని. లేచేసరికి దద్దుర్లు అణిగి ఉండేవి. ఇంటికొచ్చి చెప్పులు విప్పేలోగా మళ్ళీ లేచి కూర్చునేవి. "ఇంట్లో ఏం జరుగుతోంది తల్లీ?" అని ఆవిడ మా ఆయన ముందే అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. "ఏం లేదండీ, ఎప్పుడూ ఆ ఆఫీసు గురించే ఆలోచిస్తూ ఉంటుంది."

సెలవు అయిపోవస్తుండగా మా ఇన్‌ఛార్జి మేడమ్ ఫోన్ చేసింది. "మీ ఆయన వచ్చి నువ్విక రావని చెప్పి వెళ్ళారు. నిజమేనా? అయితే రేపొచ్చి రాజీనామా మీద సంతకం పెట్టు. నీ సీటు వేరేవాళ్ళకిస్తాను."

"రేపొస్తాను మేడమ్" అన్నాను. ఫోన్ పెట్టేసి తిన్నగా హాల్లోకి వెళ్ళాను.

"నా ఉద్యోగం మానిపించడానికి మీరెవరండీ?"

"నీ మంచికేనోయ్. నువ్వు ఇంటిపట్టున ఉంటే ఇల్లు ఎంత ఇల్లులా ఉందో చూడు! వేళకి భోజనం, ఇస్త్రీ బట్టలు..."

"ఆయన చెప్పేది వినవే" అంది అమ్మ, పడుకున్న చోటి నుంచే.

మర్నాడు కీర కోయలేదు, మట్టి నానబెట్టలేదు. చేతుల నిండా దద్దుర్లతోనే కంట్రోల్ రూమ్‌కి వెళ్ళాను.

"ఇలా ఉంటే నిన్నెలా కూర్చోబెట్టను?" అంది మేడమ్. "అవతల ప్రాణాల మీదకొచ్చి ఫోన్ చేస్తారు. నువ్వు గోక్కుంటూ ఒక్క అడ్రసు తప్పు రాసుకున్నావంటే?" ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు.

"ఒక్క షిఫ్టు కూర్చోనివ్వండి. మీరు పక్కనే ఉండి చూడండి. ఇవి తగ్గకపోయినా, తగ్గి మళ్ళీ లేచినా నేనే సంతకం పెట్టి పోతాను."

ఆవిడేం తక్కువ తిన్లేదు. రాజీనామా కాగితం తెచ్చి నా బల్ల మీదే పెట్టింది.

హెడ్‌సెట్ తగిలించుకున్నాను. ఒకావిడ కెవ్వుమని అరుస్తోంది, వాళ్ళ మామగారు భోజనానికి కూర్చుని ఒరిగిపోయారట. ముందు అడ్రసు చెప్పించుకున్నాను. ఊపిరాడుతోందా, ఛాతీ కదులుతోందా అని అడిగాను. ఏడుస్తూనే అన్నిటికీ జవాబిచ్చింది, పక్కకి తిప్పి పడుకోబెట్టమంటే పడుకోబెట్టింది, బండి చేరేదాకా లైన్లోనే ఉంది. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. ఆ గదిలో నేను అడిగితే జవాబొస్తుంది. చెప్పిన పని చేస్తారు. మధ్యాహ్నానికి నా చేతులు నున్నగా ఉన్నాయి. మేడమ్ కూడా తొంగి చూసింది.

టీ తాగుదామని హెడ్‌సెట్ తీశానో లేదో, నా ఫోన్ మోగింది. మా ఆయన. ఆ గొంతు పక్కనున్న మేడమ్‌కి కూడా వినిపిస్తోంది.

"చెప్పాపెట్టకుండా ఎక్కడికెళ్ళావ్? మీ అమ్మకి కడుపులో మంటట, రసం లేదు. మట్టి ఎక్కడ పెట్టి చచ్చావ్? నీలం చొక్కా ఇస్త్రీ చెయ్యలేదేం?"

మణికట్టు దగ్గర మొదలైంది. చూస్తుండగానే మోచేతి దాకా ఎర్రగా పాకింది. మేడమ్ కళ్ళ ముందే. అయిపోయింది నా పని, అనుకున్నాను. మాటంటే మాటే కదా, కాగితం దగ్గరికి లాక్కుని పెన్ను తీశాను.

మేడమ్ నా చేతిని చూసింది, ఫోన్‌ని చూసింది.

"ఆ పెన్ను అవతల పెట్టు. నాకు కళ్ళున్నాయి. బయటికెళ్ళి మాట్లాడి రా. ఈ గదిలో గొంతు పెంచకూడదు."

మెట్ల మీదకెళ్ళి పెంచాను. కింద అంబులెన్సుల దగ్గర డ్రైవర్లంతా తలెత్తి చూశారు. చూడనీ!

"వినండి! ఇంకోసారి నా ఆఫీసుకొచ్చి నా తరఫున ఒక్క మాట మాట్లాడారంటే మర్యాదగా ఉండదు. నేను మానలేదు, మానను!"

"అరవకు, ఒంటికి మంచిది కాదు..."

"నా ఒంటి సంగతి మీకెప్పుడు పట్టింది?"

బిక్కమొహం గొంతులోనే తెలిసిపోయేలా అడిగాడు.

"మరి మమ్మల్నెవరు చూసుకుంటారు?"

"జబ్బు చేసింది నాకండీ! నాకు! మీకు కాదు, మా అమ్మకి కాదు. నేను షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి నన్నెవరు చూసుకుంటారో, మీరిద్దరూ లేచి కూర్చుని తేల్చుకోండి!"