తలకిందుల లెక్క

డెల్బర్ట్ కోనిగ్ కుర్చీలో వెనక్కి వాలి, కాళ్లు బల్లమీద పెట్టి, తల కిందికి వేలాడేసి కళ్లు మూసుకున్నాడు. హ్యూస్టన్‌లోని ఆ గదిలో ఎవరూ వింతగా చూడలేదు. చంద్రుడి చుట్టూ తిరుగుతున్న ఓడ ఎటు ముఖం పెట్టాలో లెక్కకట్టే ముందు, బట్టతలా బొజ్జా ఉన్న ఈ మనిషి తానే ఓడైపోతాడు. పైనున్న ముగ్గురూ ఇవాళ తలలు చంద్రుడి నేలవైపు పెట్టి తిరుగుతున్నారు, కనుక అతని తలా కిందికే. వీపు సూర్యుడికి, కిటికీ చంద్రుడికి, యాంటెనా భూమికి. అన్నిటినీ ఒకేసారి మెప్పించడం ఇద్దరు పెళ్లాల మొగుడి వల్ల కూడా కాదు.

"ఏంటి డెల్, ఓడకి నడుం పట్టేసిందా?" అంది పక్కబల్ల ఒడెస్సా, కాఫీ అందిస్తూ.

నవ్వి లేచి కూర్చున్నాడు. కాఫీ తాగుతూ అలా కూర్చునే అంకెలు రాశాడు. ఒడెస్సా కూడా కూర్చునే సరిచూసింది. అంకెలు ఓడకి చదివి వినిపించారు. ఓడ చంద్రుడి వెనక్కి వెళ్లింది, మాట తెగింది.

అప్పుడు తట్టింది అతనికి. తలలు పైకున్నట్టు లెక్క ఇచ్చాడు.

ఓడకు దిక్కు చెప్పేవి ఒకదానిలో ఒకటి తిరిగే లోహపు చట్రాలు. ఓడ తిరగకూడని వైపు తిరిగితే అవి ఒకే తీరున పడి బిగుసుకుంటాయి. ఆపైన ఇంటిదారి పట్టించే ఇంజను ఎటు మండించాలో తెలియదు. లోపల ముగ్గురు మనుషులు.

నోరు మూసుకుని కూర్చోవచ్చు. డెల్బర్ట్ లేచి నాయకుడు హాలిస్ దగ్గరికి వెళ్లాడు.

"లెక్క తలకిందులు చేశాను సార్, తలలు పైకున్నట్టు ఇచ్చాను. తప్పు నాదే."

హాలిస్ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. తానూ సరిచూసి పట్టుకోలేకపోయానని ఒడెస్సా వెనకనుంచి చెప్పింది. ఇక చేయగలిగిందేమీ లేదు. ఓడ చంద్రుడి వెనకనుంచి బయటికొచ్చి గొంతు వినిపించాల్సిన వేళ వచ్చింది, దాటింది.

చాలాసేపటికి గదిలో స్పీకరు గరగరమంది, ఓడలోంచి గొంతు.

"హ్యూస్టన్, ఆ డెల్‌గాడు మమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టబోయాడు. చూస్తే కిటికీలో చంద్రుడు లేడు. చట్రాలు బిగుస్తాయని ఎర్రదీపం వెలిగేసరికి ఆపి, చేత్తో వెనక్కి తిప్పుకున్నాం. బాగానే ఉన్నాం."

గదంతా నవ్వింది. ఒడెస్సా ఏడ్చింది. డెల్బర్ట్‌కు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. సాయంత్రం ఇంజను లెక్క ఆమెను చూడమన్నాడు.

"కూర్చో డెల్. ఎవరికైనా జరుగుతుంది," అంది ఒడెస్సా.

"ఎవరికైనా జరగనీ. వాళ్లకి జరగకూడదు కదా."

కోటు భుజాన వేసుకుని, తలుపు చప్పుడు కాకుండా మూశాడు. హాలిస్ రెండుసార్లు మనిషిని పంపినా మళ్లీ ఆ గదికి రాలేదు.

అతను తలుపు మూసిన ఆ వేళ మాత్రం, బల్లమీద వదిలేసిన హెడ్‌సెట్‌లోంచి, డెల్ అలిగాడా అని చంద్రుడి దగ్గరి గొంతు సన్నగా అడుగుతోంది.