తెగాల్సిన దారం

ఆమె చెడిపోయిన పడవ మోటార్లు బాగుచేస్తుంది. ఆమె మొగుడు బాగున్నవాటిని బాగుచేస్తాడు. పెళ్ళైన కొత్తలో ఇంట్లో సన్నగా కారుతున్న కుళాయిని బిగించి బిగించి ఊడదీసి చేతిలో పెట్టాడు. కిర్రుమంటున్న తలుపుకు నూనె రాయబోయి తలుపునే ఊడబీకి గోడకు ఆనించాడు. ఎప్పుడూ ఒకటే మాట: "మంచికే చేశా." రేవులో అందరూ ఆమెను మెకానిక్కమ్మ అంటారు. ఆయన్ని ఆమె తన మనసులో మాత్రం మరమ్మతుల మహారాజు అనుకుంటుంది. కుళాయి పోతే పోయింది, తలుపు పోతే పోయింది. ఆ ఆదివారం మహారాజు చెయ్యి లంగరు మీద పడింది.

తీరానికి బాగా దూరంగా, ఎప్పుడో మునిగిన సరుకుల ఓడ ఒకటుంది. దాని తుప్పుపట్టిన ఇనుములో పెద్ద పెద్ద చేపలు కాపురాలు పెట్టుకున్నాయి. సెలవు దొరికితే చాలు, ఆమె, ఆమె తమ్ముడు తండ్రి వదిలివెళ్ళిన చిన్న పడవ వేసుకుని గాలాలతో అక్కడికి పోతారు. అక్కడ లంగరు వేయడం సులువు, తీయడమే కష్టం. ఓడ ఇనుములో ఇరుక్కుందంటే ఇక రాదు. అందుకని వాళ్ళ నాన్న ఒక పద్ధతి నేర్పాడు. తాడు చివరనున్న గొలుసును లంగరు అడుగుకు గట్టిగా బిగించి, లంగరు పై కొసకు మాత్రం సన్నటి నూలుదారంతో కడతారు. లంగరు ఇరుక్కుంటే తాడు బలంగా లాగుతారు. దారం పుటుక్కున తెగుతుంది, లాగుడు అడుగు నుంచి పడుతుంది, లంగరు తిరగబడి ఊడి వచ్చేస్తుంది. ఆ దారం ఉన్నదే తెగడానికి. ఈ సంగతి ఆమె మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

ఆ ఆదివారం మొగుడూ వాళ్ళ వెంట వచ్చాడు. చేపలు బాగానే పడ్డాయి. గాలి పెరుగుతోందని ఇంటికి బయల్దేరబోయారు. తమ్ముడు లంగరు తాడు లాగాడు. రాలేదు. అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి లాగారు. పడవ ముక్కు కిందికి దిగింది గానీ లంగరు కదల్లేదు.

"దారం తెగట్లేదేంట్రా?" అంది ఆమె.

"దారం ఎక్కడుంది?" వెనక నుంచి మొగుడు నవ్వాడు. "చీకిపోయిన నూలుపోగు మీద ముగ్గురి ప్రాణాలు పెడతామా? నిన్న సాయంత్రమే పీకి పారేశా. స్టీలు కొక్కెం వేశా. ఏనుగు లాగినా ఊడదు."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ తిట్టడానికి తీరిక లేదు. నీటి ఉరవడి పెరిగింది. అలలు ముక్కు మీదుగా లోపలికి దూకుతున్నాయి. కత్తి కోసం ఆమె పెట్టె దగ్గరికి వెళ్ళింది. ఆ కాస్త వ్యవధిలో మహారాజుకు ఇంకో మంచి ఆలోచన వచ్చింది. తాడును ముందు నుంచి విప్పి, పడవ వెనక గూటానికి బిగించాడు.

"ఇంజినుతో లాగితే అదే వస్తుంది!"

"వెనక కట్టకండి! వద్దండీ!"

ఆయన అప్పటికే ఇంజిను పెంచాడు. పడవ వెనక భాగం కూర్చుండిపోయింది. నీళ్ళు గుమ్మం దాటినట్టు లోపలికి వచ్చాయి. తమ్ముడు జారి పడ్డాడు, బిగుసుకుంటున్న తాడు చుట్టలో అతని కాలు చిక్కుకుంది. తల్లి పోయాక ఆమె చేతుల మీద పెరిగినవాడు. "అక్కా!" అన్నాడు, చిన్నప్పుడు చీకట్లో పిలిచినట్టు.

ఆమె కత్తి పెట్టి తాడును కోసేసింది. పడవ ఒక్కసారి పైకి లేచింది. నాన్న చేసిన లంగరు ఓడ దగ్గరే ఉండిపోయింది. దారి పొడుగునా బకెట్లతో నీళ్ళు తోడారు.

రేవులో డీజిలు పోసే పెద్దాయన పలకరించాడు. "లంగరేదమ్మా?"

"తొందరపడి తాడు కోసేసింది," అన్నాడు మొగుడు. "కాస్త ఓపిక పట్టుంటే నేను లాగేవాణ్ణి."

"నువ్వు లాగేవాడివా?" అంది ఆమె. రేవంతా వినబడేలా అంది. "నా తమ్ముణ్ణి సముద్రంలోకి లాగావు నువ్వు! తెగాల్సింది తెగకుండా చేసి, పైగా నాకు ఓపిక లేదంటావా?"

పెద్దాయన నోరు తెరిచాడు. ముగ్గురు మనుషులు మునిగిపోబోయినందుకు కాదు, ఇన్నేళ్ళుగా 'మీరు' అన్న మొగుణ్ణి నలుగురిలో 'నువ్వు' అన్నందుకు. "ఎంతైనా మొగుడమ్మా," అన్నాడు.

"ఊరుకో అక్కా," అన్నాడు తమ్ముడు, వాచిన కాలు పట్టుకుని. "బావగారు మంచికే చేశారు."

ఆమె కోపమంతా ఆ మాట మీదికి మళ్ళింది. చెడ్డవాడైతే నలుగురూ కలిసి తిట్టేవాళ్ళు. మంచికే చేసినవాణ్ణి తిడితే తిట్టినవాళ్ళే గయ్యాళులు. ఇంటికి వెళ్ళి అన్నం వడ్డించింది, మాట మాత్రం వడ్డించలేదు. వారమంతా అంతే.

మళ్ళీ ఆదివారం వచ్చింది. కొత్త లంగరు సిద్ధం చేసుకుంది. తమ్ముడు అప్పటికే పడవెక్కి కూర్చున్నాడు. మొగుడు టిఫిను డబ్బా పట్టుకుని రేవుకు వచ్చాడు, ముఖం వేలాడేసుకుని. "తప్పయింది. ఈసారి నువ్వు చెప్పినట్టే చేస్తా."

ఆమె మనసు కాస్త మెత్తబడింది. నూలుదారం ఉండ ఆయన చేతిలో పెట్టింది. "కట్టండి."

ఆయన వంగి, నాలుక బయటపెట్టి మరీ శ్రద్ధగా కట్టాడు. ఆమె ముడిని లాగి చూసింది. తెగలేదు. కాలు తన్నిపెట్టి రెండు చేతులతో లాగింది. తెగలేదు.

"ఒక్క పేట అయితే మరీ పల్చగా ఉందని," అన్నాడాయన, ముఖం వెలిగిపోతుండగా, "ఆరు పేటలు వేశా. చూడు, ఎంత గట్టిగా ఉందో!"

ఆమె కత్తితో ఆ ముడి కోసి, ఒక్క పేట కట్టుకుంది. ఆయన చెప్పులు విడిచి చేతిలో పట్టుకునే లోపల రేవుకు కట్టిన తాడు విప్పేసి ఇంజిను వేసింది. పడవ కదిలింది.

"ఆగు! నేనింకా ఎక్కలేదు!"

"మంచికే!" అని అరిచింది ఆమె, వెనక్కి తిరక్కుండా.

తమ్ముడు ఈసారి 'ఊరుకో అక్కా' అనలేదు.