కాగితం కింద వెంట్రుక

...ముక్కుకే ముందు తెలిసింది, వేలికి కాదు. అదే మింగుడు పడటం లేదు. బీడీ చివరిదాకా కాలి చూపుడు వేలి చర్మం కమురు వాసన వేస్తుంటే, వెంకటస్వామి అరుగు మీద కూర్చుని పొయ్యి మీద ఏదో మాడుతోందనుకున్నాడు. "ఏటో మాడిపోతన్నాది, సూడే" అని లోపలికి కేక కూడా వేశాడు. భార్య వరహాలమ్మ గుమ్మంలోకి వచ్చింది. పొయ్యివైపు కాదు, అతని చేతివైపు చూసింది.

ఎలా చూసింది? భయపడిందా, జాలిపడిందా, ఉత్తినే చూసిందా? ఆ రోజు నుంచి ఆ చూపునే తిరగేసి మరగేసి చూసుకుంటున్నాడు. "పాలిష్ మందుకి తోలు మొద్దుబారిపోనాది" అని తనే ముందుగా అనేశాడు. అడగని దానికి జవాబెందుకు చెప్పాడు? ఆమె కొబ్బరినూనె రాసింది. రాసి చేతులు కడుక్కుంది. నూనె చేతులు ఎవరైనా కడుక్కుంటారు. కానీ అంతసేపు కడుక్కుంటారా? నిన్న తను తాగిన గ్లాసును కావాలనే వేరుగా పెట్టిందా, చేతికి అందినచోట పెట్టిందా?

అనుమానం ఇసుక రేణువు లాంటిది. గుడ్డ మడతలో ఒక్కటి చిక్కుకుంటే చాలు, ఎంత మెత్తగా తుడిచినా గీత పడుతుంది.

పనికి వస్తూ, స్టేషను మెట్ల దగ్గర డబ్బాలు ముందు పెట్టుకుని అడుక్కునేవాళ్లను దాటుతూ అతను తల తిప్పుకున్నాడు. వాళ్ల వేళ్లు లేని చేతులవైపు చూడకుండా నడవటం ఈమధ్య నేర్చుకున్న విద్య. ఊళ్లో ఆ జబ్బును పెద్దరోగం అనేవారు. పేరు పెట్టి పిలిస్తే ఇంట్లోకి వస్తుందని అసలు పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. తను కూడా ఎత్తలేదు. మోచేతి వెనక పాలిపోయిన మచ్చను పొడుగు చేతుల చొక్కా కింద దాచాడు. తనూ వరహాలమ్మా ఉంటున్నది ఆమె అన్న భీమారావు క్వార్టరు. ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్ అతను, మంచివాడే. కానీ ఆ రైల్వే లైనులో ఒక ఇంట్లో పిల్లాడు దగ్గితే పది ఇళ్లకి వినపడుతుంది. ఈ మాట పొక్కితే భీమారావు మంచితనం ఏపాటిది? వరహాలమ్మ ఎక్కడికి పోతుంది?

అందుకే వేలికి స్పర్శ పోయిందని ఎవరికీ తెలియకూడదు. అందులోనూ నూర్ మియాకి.

గోల్ బజార్ వెనక సందులో నూర్ మియా రేకుల షెడ్డు ఉంది. రాయపూర్‌లో కార్లున్న మిల్లు సేఠ్‌లూ డాక్టర్లూ ఎండకి వెలిసిపోయిన బండ్లను అక్కడికే పంపుతారు. లోకో షెడ్డులో ఇంజన్లు తుడిచే పని పోయాక, అదే లైనులో ఉండే దానయ్య వెంకటస్వామిని అక్కడికి తీసుకొచ్చాడు. ఇంజన్లు తుడిచినవాడికి కార్లు ఒక లెక్కా అనుకున్నాడు. నూర్ మియా నవ్వాడు. "ఇంజనుకి తాకత్ కావాలి స్వామీ, బలం. కారుకి డర్ కావాలి, భయం."

ఆ భయమే నేర్పాడు. చాలాకాలం కారును ముట్టుకోనివ్వలేదు. గుడ్డలు ఉతకమన్నాడు. ఉతికి, ఆరేసి, ఒక్కో గుడ్డనూ చెంపకి ఆనించి మట్టి రేణువు ఉందేమో వెతకమన్నాడు. తర్వాత నీళ్లు. దుమ్మును తుడవకూడదు, నీటిధారతో జారిపోనివ్వాలి. తర్వాత రుద్దుడు మందు. ఎండకి పాలిపోయిన పైపొరను ఆ మందుతో రుద్ది తీసేస్తే కింది రంగు మెరుస్తుంది. గుండ్రంగా రుద్దకూడదు, బండి పోయే దిక్కుకే రుద్దాలి. అంచుల మీద రంగు పలచగా ఉంటుంది. అక్కడ ఒక్క చెయ్యి ఎక్కువైనా రంగు కింద పూసే ఎర్ర అస్తరు బయటపడుతుంది. బయటపడిందంటే మళ్లీ రంగు వెయ్యాల్సిందే. ఎక్కడ ఆపాలో కన్ను చెప్పదు, వేలు చెప్పాలి.

వేలుకి చదువు చెప్పటానికి నూర్ మియా దగ్గర ఒక పద్ధతి ఉంది. గోరింటాకు పెట్టిన గడ్డంలోంచి ఒక వెంట్రుక పీకి బోనెట్టు మీద పెట్టేవాడు. దాని మీద సిగరెట్టు పెట్టెలోని పలచటి కాగితం పరిచేవాడు. కళ్లు మూసుకుని, కాగితం కింద వెంట్రుక ఎటు పడుకుని ఉందో వేలితో చెప్పాలి. దానయ్యకి ఇప్పటికీ రాదు. వెంకటస్వామికి రెండో వానాకాలానికే వచ్చింది. ఆ రోజు వేలి కొసన చిన్న దీపం వెలిగినట్టయింది. జీవితంలో అతను తనదని చెప్పుకోగలిగింది ఆ దీపం ఒక్కటే. అది ఎప్పుడు కొండెక్కిందో తెలియదు. తెలియాల్సింది కూడా ఆ వేలికే కదా.

బీడీ కాలిన రోజునుంచి చెంపతో బతుకుతున్నాడు. ఎవరూ చూడనప్పుడు వంగి బోనెట్టుకి చెంప ఆనించి, నునుపు ఎంత వచ్చిందో తెలుసుకుంటున్నాడు.

ఈ పూట షెడ్డులో మిల్లు సేఠ్ నల్లకారు ఉంది. సాయంత్రం సేఠ్ కొడుకు పెళ్లి ఊరేగింపు. ముందు మడ్‌గార్డు అంచు దగ్గర రుద్దుతూ వెంకటస్వామి ఆగి, అటూ ఇటూ చూసి, చెంప ఆనించాడు.

"ఓలమ్మో!" వెనకనుంచి దానయ్య కేక. "మా స్వామన్న మల్లీ కారుకి ముద్దెట్టీసినాడు! సాయంత్రం వరహాలొదినకి సెప్పీవాలి. నీకు నల్ల సవితి వొచ్చీసినాదని."

"నోరు ముయ్యిరా."

"సవితయితే ఏటిలే, పెట్రోలు తప్ప కూడు అడగదు!"

వెంకటస్వామి కూడా నవ్వాడు. నవ్వుతూనే చెంప తీసి చూశాడు. మడ్‌గార్డు అంచున నల్లటి రంగులోంచి ఎర్రటి గీత కనిపించింది. నూలుపోగంత. దెబ్బ తగిలిన పంటి చిగురులో నెత్తురు పొడిచినట్టు.

ఏం చేస్తున్నాడో అనుకునేలోపే చెయ్యి నల్లమైనం తీసి దాని మీద పూసేసింది. ఎంత తెలివైన చెయ్యి. స్పర్శ పోయినా దొంగతనం పోలేదు.

నూర్ మియా వచ్చాడు. ఈమధ్య అతనికి దగ్గరి చూపు ఆనటం లేదు. కళ్లు మూసుకుని మడ్‌గార్డు అంచు వెంబడి వేలు పోనిచ్చాడు. మైనం పూసిన చోటికి వేలు వచ్చింది. వేలు ఆగలేదు. దాటిపోయింది.

"వాహ్! మఖ్మల్ స్వామీ, మఖ్మల్."

దొరకనందుకు సంతోషం రావాలి. రాలేదు. చలి వేసినట్టయింది. ఉస్తాద్ వేలు కూడా ముసలిదైపోయింది. అంటే ఇక ఈ షెడ్డులో వేలు లేదు. తన అబద్ధాన్ని పట్టుకునేవాడు లోకంలో లేడు. ఇన్నాళ్లూ తను భయపడింది దొరికిపోతానని కాదేమో. ఎవరో ఒకరు పట్టుకుంటారని లోలోపల ఎదురుచూశాడేమో. ఇక ఎవరూ పట్టుకోరు. మైనం కింద ఎరుపులాగా, చొక్కా కింద మచ్చలాగా, తను ఇలాగే బతికిపోవచ్చు.

"దానయ్యా, నువ్వూ విను," అన్నాడు నూర్ మియా. "నాకు ఉమర్ అయిపోయింది, ముసలోణ్ణి. ఇవాళ్టినుంచి ఆఖరి చెయ్యి స్వామీది. స్వామీ ఊఁ అంటేనే బండి బయటికి పోతది. నా నామ్, నా పేరు, ఇంక అతని వేలి మీద."

"అయితే మిఠాయేదీ, అన్నా?" అన్నాడు దానయ్య. మాటలో కాస్త అసూయ, కాస్త సంతోషం. "ఉత్తినే ఇచ్చీకు ఉస్తాద్. ఎంట్రిక పరీచ్చ ఎట్టు, మేమూ సూస్తాం!"

నూర్ మియా ముచ్చటపడి గడ్డంలోంచి ఒక వెంట్రుక పీకాడు. బోనెట్టు మీద పెట్టి కాగితం పరిచాడు. "ఆంఖే బంద్."

వెంకటస్వామి కళ్లు మూశాడు. పూర్తిగా కాదు, కొన్నాళ్లుగా బండి మీద వేలు పోనిచ్చేటప్పుడు మూస్తున్నట్టే, రెప్పల మధ్య సన్నటి సందు ఉంచి. రేకుల కంతలోంచి ఎండ కాగితం మీదే పడుతోంది. నల్లటి బోనెట్టు మీద, పలచటి కాగితం కింద, ఎర్ర వెంట్రుక ఏటవాలుగా స్పష్టంగా కనిపిస్తోంది. చెప్పేస్తే అయిపోతుంది. క్వార్టరు, వరహాలమ్మ, ఆమె వేరుగా పెట్టిన, పెట్టని ఆ గ్లాసు, అన్నీ ఉన్నచోటనే ఉంటాయి.

అతను సందు మూసేశాడు. చీకటి. వేలు కదిలింది. కాగితం ఉందో లేదో కూడా తెలియటం లేదు. ఎవరిదో వేలు తెచ్చి తన చేతికి కట్టినట్టుంది.

పనిలో చేరిన మొదటిరోజు గుర్తుకొచ్చింది. ఉస్తాద్ "చాలూ! చాలూ!" అని అరిచినప్పుడల్లా తను గుడ్డ కింద పెట్టేసేవాడు. అరిచేకొద్దీ ఆపేసేవాడు. చివరికి ఉస్తాద్ తల పట్టుకుంటే దానయ్యే తగువు తీర్చాడు: "మన చాలంటే ఆపీమని, ఈల్ల చాలూ అంటే కానిమ్మని, అన్నా!" ఆ రోజంతా షెడ్డు నవ్వింది. ఉస్తాద్‌కి ఇప్పటికీ అది ముచ్చటే.

"ఏమి, ఆగినావు?" అంటున్నాడు నూర్ మియా నవ్వుతూ. "చాలూ, స్వామీ. తెలుగు చాలు కాదు. హిందీ చాలూ!"

దానయ్య పకపకా నవ్వాడు.

వెంకటస్వామి కళ్లు తెరిచాడు. భుజం మీది గుడ్డ తీసి, మొదటిరోజు పెట్టినట్టే, కింద పెట్టాడు. చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచాడు. కాలిన వేలు పైకి ఉండేట్టు అరచెయ్యి తెరిచి, ఉస్తాద్ చేతికి అందేంత దగ్గరగా చాపాడు.