పక్క సీటు మాస్టారు

ఊళ్ళో సగం మందికి కారు నడపడం నేర్పిన మనిషికి, తను కారు నడిపి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదంటే నమ్ముతారా? నమ్మకపోతే మీ ఇష్టం. డ్రైవింగ్ మాస్టారి సంగతి అక్షరాలా అదే. కారు ఆయన ఇంటి గేటు ముందే ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు అక్కడికే వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంటారు. మాస్టారు పక్క సీట్లో కూర్చుంటారు. ఆయన కాళ్ళ దగ్గర ఇంకో క్లచ్చు, ఇంకో బ్రేకు బిగించి ఉంటాయి. గంటసేపు తిరిగి మళ్ళీ గేటు దగ్గరికే వస్తారు. బండికి రిపేరు వస్తే మెకానిక్కే వచ్చి పట్టుకెళ్తాడు. కూరగాయలకి మాస్టారు నడిచే వెళ్తారు. ఇక ఆయనకి నడపాల్సిన అవసరం ఎక్కడొస్తుంది చెప్పండి.

దారి కూడా ఒకటే. గేటు నుంచి నీళ్ళ ట్యాంకు, అక్కణ్ణించి బడి గోడ, తర్వాత పోస్టాఫీసు పక్కన ఎత్తు రోడ్డు. ఆ ఎత్తు మీద బండి ఆపి మళ్ళీ కదిలించడం, ఆపైన సర్కిల్, సర్కిల్ చుట్టూ తిరిగి వెనక్కి. మాటలూ అవే. "అద్దం చూసుకోండి. క్లచ్చు మెల్లగా వదలండి. కంగారు పడకండి, బ్రేకు నా కాలి కింద ఉంది." పాడిందే పాట పాచిపళ్ళ దాసరి అన్నట్టు, పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఇదే పాట. తన నోట్లోంచి ఏం వస్తోందో మాస్టారు వినడం మానేసి చాలా కాలమైంది.

అలా ఇంకెన్నాళ్ళు జరిగేదో గానీ, ఆ రోజు పొద్దున పళ్ళ డాక్టరమ్మ ఒక్క ప్రశ్న అడిగి కొంప ముంచింది. ఆమెకి ముందురోజే లైసెన్సు వచ్చింది. చెప్పి పోదామని వచ్చి, గేటు దగ్గర నిలబడి, "మా అమ్మని కారులో సముద్రం చూపించడానికి తీసుకెళ్తున్నా మాస్టారూ, నేనే నడుపుకుంటూ!" అని మురిసిపోయింది. ఊరుకుందా? "అవునూ, మీరు ఈ కారులో ఎక్కడెక్కడికి వెళ్ళారు?" అంది.

మాస్టారు లోలోపల లెక్క మొదలుపెట్టారు. నీళ్ళ ట్యాంకు, బడి గోడ, పోస్టాఫీసు, సర్కిల్. ఎంత ఆలోచించినా సర్కిల్ దాటి ముందుకి పోవడం లేదు మరి. "పనులుంటాయి కదమ్మా" అని ఏదో నవ్వు నవ్వి ఆమెని పంపించారు. పంపించారు గానీ, ఆ ప్రశ్న చెప్పులో రాయిలా ఉండిపోయింది.

తర్వాతి క్లాసులో ఒక్క మాటా సరిగ్గా చెప్పలేదు. మధ్యాహ్నం ఇంట్లోకి వచ్చాక కూడా కుర్చీలో కూర్చోలేదు. ముందు గదిలో కిటికీ దగ్గర ఆయన భార్య మిషను ముందు కూర్చుని బడి యూనిఫారాలు కుడుతోంది. ఆవిడ రోజూ కూర్చునేది అక్కడే. గేటు, కారు, వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, అన్నీ ఆ కిటికీలోంచి కనిపిస్తాయి, వినిపిస్తాయి. మాస్టారు ఆవిడకి వీపు చూపించి, గుమ్మంలో నిలబడి, కారు వంక చూస్తూ మొదలుపెట్టారు.

"ఏమోయ్, అసలు నా బతుక్కి అర్థమేమైనా ఉందంటావా?"

"అర్థం సంగతి తర్వాత, కాస్త ఇటు చూడండి" అంది ఆవిడ.

"చూడ్డానికేముంది! గానుగెద్దు కూడా ఇంతకంటే దూరం పోతుంది. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎక్కడెక్కడికో పోయారు. సముద్రాలు చూస్తున్నారు. నేను? ఎక్కడ వేసిన గొంగళి అక్కడే."

"ఏవండీ, చెయ్యి లాగేస్తోంది..."

"పొద్దస్తమానం మిషను తొక్కితే లాగదా మరి? నేను చెప్పేది విను. రోజూ అదే దారి, అదే వాగుడు. రేపు నేను పోతే ఎవడికైనా తేడా తెలుస్తుందా?"

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా. మాస్టారు జీవితం గురించి ఇంకా చాలా సేపు మాట్లాడేవారే. వెనక మిషను చప్పుడు ఆగిపోయిందని ఆయనకి ఆలస్యంగా తెలిసింది. వెనక్కి తిరిగారు.

ఆవిడ కుర్చీలో లేదు. నేల మీద గోడకి జారబడి ఉంది. మొహమంతా చెమట, పెదాలు తెల్లగా పాలిపోయాయి. ఒళ్ళో సగం కుట్టిన చొక్కా అలాగే ఉంది. నిన్న సాయంత్రం ఆవిడ అన్న మాట మాస్టారికి అప్పుడు గుర్తొచ్చింది. "గుండెల్లో ఏదో పట్టేసినట్టుందండీ" అంటే, తను టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "గ్యాస్ అయ్యుంటుంది, వేడినీళ్ళు తాగి పడుకో" అన్నారు. అన్నారా? అన్నారు.

అంబులెన్సుకి ఫోను చేస్తే, బండ్లన్నీ బయట ఉన్నాయి, కాస్త సేపు పడుతుందన్నారు. పక్కిళ్ళకి తాళాలు. మాస్టారు ఆవిడని రెండు చేతులా ఎత్తుకుని, తూలుకుంటూ తీసుకెళ్ళి కారు వెనక సీట్లో పడుకోబెట్టారు. పరుగున ముందుకొచ్చి తలుపు తీసి కూర్చున్నారు. బెల్టు పెట్టుకున్నారు. బ్రేకు మీద కాలు పెట్టి, ముందుకి చూస్తూ, "ఊఁ, స్టార్ట్ చేయండి" అన్నారు.

బండి కదల్లేదు. ఎలా కదులుతుంది? డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. మాస్టారు పక్క సీట్లో కూర్చుని ఉన్నారు.

కొయ్యబారిపోయారు మనిషి. తన పక్కన ఎవరూ లేని ఆ స్టీరింగ్ వంక చూస్తూ ఉండిపోయారు. వెనక పెళ్ళాం ప్రాణం పోతోంది, తను క్లాసు చెప్పడానికి కూర్చున్నాడు! ఛీ, ఏం మనిషిని నేను, అనుకున్నారు.

"ఏవండీ" అంది ఆవిడ వెనకనుంచి, గొంతు పీలగా. "డ్రైవరెవరు?"

మాస్టారు ఆ సీట్లోంచి ఈ సీట్లోకి వచ్చిపడ్డారు. తాళం తిప్పారు. క్లచ్చు వదిలారు. బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. మళ్ళీ తిప్పారు. మళ్ళీ ఎగిరింది, మళ్ళీ ఆగింది. ఎంత చేతకాని శిష్యుడైనా మొదటి రోజు ఇంత అన్యాయంగా ఆపడు. తనదాకా వస్తే గానీ తత్వం బోధపడదంటారు చూడండి, అలా బోధపడింది. కాళ్ళు వణుకుతున్నాయి. ఏ కాలితో ఏది తొక్కాలో తెలియడం లేదు. వేలమందికి నేర్పిన విద్య ఒక్క ముక్క ఒంట్లో లేదు.

"నాకు రావడం లేదే!" అని ఏడ్చేశారు మాస్టారు. "చేతులాడ్డం లేదు!"

"అద్దం చూసుకోండి" అంది ఆవిడ.

మాస్టారు ఉలిక్కిపడి అద్దంలోకి చూశారు. ఆవిడ కళ్ళు మూసుకునే మాట్లాడుతోంది.

"క్లచ్చు... మెల్లగా వదలండి. ఇంకా మెల్లగా. కంగారు పడకండి. బ్రేకు నా కాలి కింద ఉంది."

"అక్కడ నీకు బ్రేకెక్కడిదే!"

"లేదని నాకూ తెలుసు. మీరు ముందుకి చూడండి."

బండి కదిలింది. ఎలా కదిలిందో మాస్టారికి తెలియదు. లేని బ్రేకు ఉందన్న మాట చెవిన పడగానే కాళ్ళ వణుకు తగ్గిందని మాత్రం తెలుసు. నీళ్ళ ట్యాంకు దాటింది. బడి గోడ దాటింది.

"ఇవన్నీ నీకెలా వచ్చే?" అన్నారు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"రోజూ కిటికీలోంచి వినడం లేదూ?" మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది. "పొద్దున్నే ఆ మాట వింటే నాకు ధైర్యంగా ఉండేది. ఎంత బాగా చెప్తారో అనుకునేదాన్ని. ముక్కూమొహం తెలియనివాళ్ళందరికీ చెప్పేవారు. నాకే ఎప్పుడూ చెప్పలేదు. నిన్న భయమేసి మీ దగ్గరికొస్తే..."

ఆపేసింది. నిన్న ఏం చెప్పారో ఇద్దరికీ తెలుసు. మాస్టారికి ఆ క్షణంలో స్టీరింగ్ కనిపించలేదు, కళ్ళు నిండిపోయాయి. భుజంతో తుడుచుకున్నారు. బతుక్కి అర్థం లేదని గుమ్మంలో నిలబడి ఉపన్యాసం ఇచ్చిన పెద్దమనిషి ఈయనే. వాగుడని తను తీసిపారేసిన ఆ పాఠాన్నే పట్టుకుని ఒక మనిషి తన ఇంట్లోనే, కిటికీ అవతలే, ఇన్నేళ్ళూ బతికిందని ఈయనకి తెలియదు.

పోస్టాఫీసు ఎత్తు మీద ముందు పోతున్న లారీ ఆగింది. మాస్టారూ ఆపారు. ఆ తర్వాత కదిలించాలి. "చెప్పవే" అన్నారు. వెనకనుంచి సమాధానం లేదు. అద్దం చూశారు. తల పక్కకి వాలిపోయింది, చెయ్యి సీటు కిందికి వేలాడుతోంది.

"ఇదిగో! ఏమే! పలకవే!"

పలకలేదు. మాస్టారు పెద్దగా, రోడ్డు మీదివాళ్ళు తిరిగి చూసేలా, తనే అరవడం మొదలుపెట్టారు. "క్లచ్చు మెల్లగా వదలండి! కంగారు పడకండి! బ్రేకు నా కాలి కింద ఉంది! వింటున్నావా? నా కాలి కింద ఉంది!" బండి ఎత్తు ఎక్కింది. సర్కిల్ వచ్చింది. చేతులు అలవాటుగా స్టీరింగ్‌ని వెనక్కి తిప్పబోయాయి. ఆయన పళ్ళు బిగించి వాటిని ఆపి, బండిని నేరుగా ముందుకి పోనిచ్చారు. ఆసుపత్రి అటే ఉంది.

ఆసుపత్రి వాకిట్లో బండి అడ్డంగా ఆగింది. ఇద్దరు మనుషులు స్ట్రెచర్ లాక్కొచ్చి ఆవిడని పడుకోబెట్టి పరుగు తీశారు. మాస్టారు పక్కనే పరుగెత్తారు. లోపలి తలుపు దగ్గర ఆవిడ కళ్ళు కొంచెం తెరుచుకున్నాయి. ఆ కళ్ళలో భయం ఉంది. అంతకుముందు మాస్టారు ఆ భయం చూడలేదు, లేదా చూసినా పట్టించుకోలేదు.

"భయపడకు" అన్నారు ఆయన, ఆయాసపడుతూ. "భయపడకే. బ్రేకు నా కాలి కింద ఉంది."

తలుపు మూసుకుంది. మాస్టారు అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయారు. ఎవరో కుర్చీ చూపించారు, కూర్చోలేదు. ఎవరో నీళ్ళిచ్చారు, గ్లాసు పట్టుకుని తాగడం మర్చిపోయారు. మనుషులు వస్తున్నారు, పోతున్నారు. చెప్పినంత తేలికా ఆ మాట? కాలి కింద గచ్చు తప్ప ఏముంది? ఏదీ ఆపలేడు తను. ఆ సంగతి ఇంత ఖాయంగా ఆయనకెప్పుడూ తెలియలేదు. అయినా కాలు తీయలేదు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుని నర్సు వచ్చింది. "మీరేనా భర్త? గండం గడిచింది. ఆలస్యం చేసి ఉంటే దక్కేది కాదని డాక్టరుగారన్నారు. స్పృహలోకి వచ్చారు." మాస్టారు గోడ పట్టుకున్నారు. నర్సు వెళ్ళబోయి ఆగింది. "ఏదో అడగమంటున్నారండీ మీ ఆవిడ. మత్తులో మాట్లాడుతున్నారేమో, మాకేం అర్థం కాలేదు. బ్రేకు మీద కాలు ఉందా తీసేశారా అడుగు, అంటున్నారు."

మాస్టారు కిందికి చూసుకున్నారు. కుడికాలు ముందుకి చాపి ఉంది. చెప్పు ఎక్కడో జారిపోయింది. వట్టి పాదం గచ్చుని బలమంతా పెట్టి తొక్కుతోంది. పిక్క కర్రలా బిగుసుకుపోయింది.

"ఉందని చెప్పండి" అన్నారు. "తీయనని కూడా చెప్పండి."

నర్సు ఆ కాలి వంక ఒకసారి, ఆయన మొహం వంక ఒకసారి చూసి, చెప్పడానికి లోపలికి వెళ్ళింది.