ఒకే రేవు నీళ్లు

మోకాలి లోతు నీళ్లలో నిలబడి మర్దాన్ తోలుతిత్తి మూతి బిగించాడు. మెర్వ్ నగరంలో వీధికో బావి ఉంది. అయినా తత్త్వమూ లెక్కలూ చెప్పే హకీం అబూ నస్ర్ గారి త్రాసుకు ముర్గాబ్ నది నీళ్లే, అందులోనూ ఈ రేవువే కావాలి. బంగారాన్ని నీళ్లలో ముంచి తూచి, కల్తీ ఎంతో తేల్చే త్రాసు అది. నీరు మారితే లెక్క మారుతుంది. ముప్పై ఏళ్లుగా మర్దాన్ రేవు మార్చలేదు. పెళ్లినాడు కూడా తిత్తి దించి వచ్చాకే కొత్తబట్టలు కట్టాడు. ఆ మాట పట్టుకుని పెళ్లాం బతికినన్నాళ్లూ దెప్పింది.

ఎడమ భుజం కుడిదానికన్నా రెండు వేళ్లు కిందికి దిగిపోయింది. ఈమధ్య గుండెలో పట్టేస్తోంది. ఎవరికీ చెప్పలేదు, చెబితే తిత్తి లాక్కుంటారు. ఆవేళ దారిలో మూడుచోట్ల కూలబడడంతో, హకీం ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

త్రాసు తొట్టిలో నీళ్లు పోసి, తూకం అయ్యేదాకా గుమ్మంలో కూర్చుని చెమట తుడుచుకుంటుంటే హకీం శిష్యుడు తాహిర్ బయటికొచ్చాడు.

"ఏం తాతా, నది దూరమైందా? బావినీళ్లు పోశావు కదూ. నిన్నటి బంగారమే, నీళ్లలో ఇవాళ బరువెక్కువ చూపిస్తోంది. రేపట్నించి నువ్వు రానక్కర్లేదు."

మర్దాన్‌కు ఒళ్లు మండింది.

"బావినీళ్లు ఉప్పు నాయనా. ఉప్పునీళ్లు బరువు, నా భుజాన్నడుగు. బరువు నీళ్లలో బంగారం ఇంకా తేలికవ్వాలి గానీ బరువెక్కుతుందా?"

లోపల్నించి హకీం లేచి వచ్చారు.

"మరి తేడా ఎందుకొచ్చిందంటావు?"

మర్దాన్ కాసేపు నసిగాడు. "ఎండలో ఆగి ఆగి వచ్చానయ్యా. నీళ్లు కాగిపోయాయి. చల్లారాక తూచండి. అప్పటికీ తేడా ఉంటే నేనే రాను."

నీళ్లను నేలమాళిగలో ఉంచి, సాయంత్రపు నమాజు అయ్యాక తూచారు. ముల్లు నిన్నటి గీత మీదే ఆగింది.

"పాతకాలపు పండితులు ఎంత గొప్పవాళ్లైనా, వాళ్ల మాట తూచి చూడందే నమ్మం కదా తాహిర్, ఇతని మీద నింద తూచకుండానే ఎలా నమ్మావు?" అన్నారు హకీం. నీటి వేడినీ లెక్కలోకి తీసుకోవాలని పుస్తకంలో రాస్తూ, "నీ పేరు పెట్టనా?" అని మర్దాన్‌ను అడిగారు.

"నా పేరెందుకయ్యా, రేవు పేరు రాయండి," అన్నాడు మర్దాన్. ఆ సంతోషంలో గుండెనొప్పి మాటే మరిచి, మళ్లీ నదికి వెళ్లి, రేపటికని తిత్తి నింపుకుని ఇల్లు చేరాడు.

మర్నాడు పొద్దెక్కినా నీళ్లు రాలేదు. క్షమాపణ చెప్పుకుందామని తాహిర్ తనే వెళ్లాడు. మర్దాన్ నిద్రలోనే పోయాడు. ముఖం ప్రశాంతంగా ఉంది. చాప పక్కన, తడి ఇసుకలో మెడదాకా పాతిన కొత్త మట్టికూజా నిండా నది నీళ్లు. తాహిర్ చెయ్యి పెట్టి చూస్తే చల్లగా తగిలాయి.