ఇంటి పెద్ద చేతి రొట్టె

చిన్న గిన్నెలో ఈస్టు పడింది. జరిగింది అంతే. ఆ మాత్రానికే రొట్టెల దుకాణం వెనక గదిలో మనిషిని చంపినంత పనయింది.

శనివారం సాయంత్రం ఆ గదిలో రెండు పిండిముద్దలు కలపాలి. పెద్దది అమ్మకానికి, ఈస్టుతో. చిన్నది మర్నాడు చర్చిలో పంచే రొట్టెకి, ఈస్టు లేకుండా. అది పొంగకూడదు. కలిపేది ఆ ఇంటి కోడలు. ఆమెకి ఆ రోజు జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది. పెద్ద గిన్నెలో పడాల్సిన చెంచాడు ఈస్టు చిన్న గిన్నెలో పడింది. కాసేపటికి గుడ్డ తీసి చూస్తే చిన్నముద్ద బుగ్గలు పూరించుకుని కూర్చుంది.

మొగుడు చూడనే చూశాడు. మొగుడంటే అల్లాటప్పా మొగుడా! చర్చిలో సంఘపెద్ద. ఆదివారం తెల్లచొక్కా తొడుక్కుని "ఏం తల్లీ, బాగున్నావా" అని అందరి మీదా తేనె ఒలకబోస్తాడు. ఇంటికొచ్చి చొక్కా మేకుకి తగిలించాడంటే ఆ తేనె కూడా మేకుకే వేలాడుతుంది.

"ఏమిటే ఇది?"

"పొరపాటున పడిందండీ. మళ్ళీ కలుపుతాను."

"రేపు సంఘం ముందు నా తల ఎక్కడ పెట్టుకోమంటావే? దరిద్రపు ముండా!"

ముందు చెంప పేలింది. తర్వాత జుట్టు చేతికి చిక్కింది. తల పట్టుకుని బల్ల అంచుకి కొట్టాడు. కనుబొమ్మ చిట్లి, నెత్తురు పొంగిన ముద్ద మీద టపటపా పడింది. అది చూసి ఇంకా మండిపోయాడు. పెళ్ళానికి నెత్తురు కారుతోందని అనుకునేరు, పిండి పాడయిందని! పొయ్యిలోకి రొట్టెలు తోసే చెక్కపార గోడకి ఆనించి ఉంది. అది అందుకున్నాడు. వీపు మీద వేశాడు, నడుం మీద వేశాడు. తల మీదికి వస్తుంటే ఆమె ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. మణికట్టు దగ్గర ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది.

ఆ చప్పుడుకి అతను ఒక్క క్షణం ఆగాడు. పారని మళ్ళీ గోడకి ఆనించి, "ఇంకో ముద్ద కలుపు. ఈస్టు డబ్బా ముట్టుకున్నావో, రెండో చెయ్యీ విరుస్తా" అని దుకాణం ముందుకి వెళ్ళిపోయాడు. అక్కడ ఎవరో కొనడానికొస్తే వాళ్ళ పిల్లల క్షేమం అడుగుతున్నాడు. ఎంత మర్యాదస్తుడో!

అత్త గుమ్మంలో నిలబడి మొత్తం చూసింది. కొడుకు చెయ్యెత్తినప్పుడు ఆవిడ ఎప్పుడూ ఆ గుమ్మం దాటి ముందుకి రాలేదు. కొడుకు వెళ్ళాక తడిగుడ్డ తెచ్చి కోడలి కనుబొమ్మకి అదిమింది.

"ఓర్చుకోవే అమ్మాయ్. మీ మామయ్య ఇంతకన్నా అన్యాయం. నేను ఈ గదిలో పడని దెబ్బ లేదు. ప్రభువంతటివాడే సిలువ మొయ్యలేదూ?"

ఈ మాట ఆమెకి కొత్త కాదు. పాస్టరుగారు కూడా ఓసారి కళ్ళజోడు తుడుచుకుంటూ ఇదే అన్నారు. ఆమె భుజం మీద సిలువ పెట్టడానికి అందరూ తయారే. అతని చేతిలో పార లాక్కునే దిక్కే లేదు.

విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కుడిచేత్తో పిండి కలపడం మొదలుపెట్టింది. గిన్నె నిలవడం లేదు, గిరగిరా తిరిగిపోతోంది. అత్త కింద కూర్చుని గిన్నె పట్టుకుంది. చూస్తుండగానే మణికట్టు వాచిపోయింది. వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి.

వాళ్ళ చర్చిలో ఒక పద్ధతుంది. పాస్టరు రొట్టెని మనిషి మనిషికీ పంచడు. ఇంటికో పెద్ద ముక్క చొప్పున ఇంటి పెద్దలకి ఇస్తాడు. ఆ పెద్ద తన బెంచీ దగ్గరికొచ్చి, దాన్ని విరిచి, ఇంటివాళ్ళకి తన చేత్తో పెడుతూ, సిలువ మీది ప్రభువుని తలుచుకుని "నీ కోసం విరిగాడు" అనాలి. పుచ్చుకునేవాళ్ళు "నా కోసమే" అనాలి. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఆ మాట అంటూనే ఉంది, దుకాణంలో "చిల్లర లేదండీ" అన్నంత తేలిగ్గా.

ఆ సాయంత్రం మాత్రం నొప్పికి పళ్ళు బిగించి, పిండి పిసుకుతూ, తనలో తను అనుకుంది, 'నా కోసమే' అని. నా అంటే ఎవరు? ఈ ఇంట్లో తనని పేరు పెట్టి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ఒసేయ్ అంటే తను. దరిద్రం అంటే తను. అలాంటిదాని కోసం దేవుడి కొడుకు ఒళ్ళంతా చీల్చించుకుని, చేతులకి మేకులు కొట్టించుకున్నాడట! పనికిమాలినదాని కోసం ఎవరైనా ప్రాణం పెడతారా? ఆయనకేమన్నా పిచ్చా? ఆయనకి పిచ్చి లేదంటే, తను పనికిమాలినది అయ్యుండడానికి వీల్లేదు. ఆమె చెయ్యి పిండిలోనే ఆగిపోయింది. ఇంత సంగతి ఇన్నేళ్ళు నోట్లో నానుతూ ఉంటే తనకి ఎందుకు తట్టలేదు? చెయ్యి నొప్పితో ప్రాణం పోతున్నా సంతోషంతో ఏడుపొచ్చింది.

"చాలా నొప్పిగా ఉందా?" అంది అత్త.

"అత్తయ్యా, ప్రభువు నా కోసం విరిగాడు కదా. మరి మళ్ళీ నేనెందుకు విరగాలి?"

అత్త గిన్నె వదిలేసి ఆమె మొహంలోకి చూసింది.

మర్నాడు చర్చి గుమ్మం దగ్గర అడిగినవాళ్ళందరికీ మొగుడే చెప్పాడు. "మెట్ల మీంచి జారిందండీ. మెల్లిగా దిగవే అంటే వినదు." వాళ్ళింటికి మెట్లే లేవు. ఆ సంగతి తెలిసినవాళ్ళు కూడా అయ్యో పాపం అని తప్పుకున్నారు.

రొట్టె పంచే వేళయింది. అతను తమ ఇంటి ముక్క పట్టుకుని, కళ్ళు అరమోడ్చి, బెంచీ దగ్గరికొచ్చాడు. కాస్త విరిచి పెళ్ళానికి అందిస్తూ "నీ కోసం విరిగాడు" అన్నాడు.

"నా కోసమే" అంది ఆమె, వెనక బెంచీల దాకా వినపడేలా. చెయ్యి మాత్రం చాచలేదు. "మీ చేత్తో వద్దండీ. ఈ చెయ్యి విరగ్గొట్టింది మీరే. మెట్లూ కాదు, గాడిదగుడ్డూ కాదు. పిండిలో ఈస్టు పడిందని చెక్కపారతో కొట్టారు."

"జ్వరంలో వాగుతోంది" అని అతను అందరి వైపూ నవ్వి, వంగి, "నోర్ముయ్" అన్నాడు పళ్ళ సందుల్లోంచి.

"ఇన్నాళ్ళూ మూసుకున్నాను. ఆయన విరిగిందే చాలు. నేను ఇంక విరగను. మీ ఇంటికి రాను."

అతని చేతికి అలవాటైన పని అది చేసేసింది. రొట్టె ఎగిరి పడింది. చెంపదెబ్బకి ఆమె బెంచీల మధ్య పడిపోయింది. తెల్లచొక్కా, సంఘం, పాస్టరు, ఏదీ గుర్తులేదు అతనికి. బూటుకాలితో డొక్కలో తన్నాడు. మళ్ళీ తన్నబోతుంటే పక్క బెంచీ వడ్రంగి వెనక నుంచి మెడ పట్టి లాగాడు. ఇంకో ఇద్దరు చేతులు విరిచిపట్టారు. "నా పెళ్ళాం, నా ఇష్టం!" అని అరుస్తూ గింజుకుంటుంటే చొక్కా భుజం దగ్గర పర్రున చిరిగింది. వాళ్ళు అతన్ని గోడకేసి అదిమారు.

పాస్టరు కళ్ళజోడు తీసి, "ఇంటి విషయాలు ఇంట్లో..." అని మొదలుపెట్టాడు.

"ఊరుకోండి పాస్టరుగారూ!" అంది అత్త. ఆవిడ గొంతు అంత గట్టిదని ఎవరికీ తెలియదు. వంగి, కింద పడ్డ రొట్టె తీసి, దుమ్ము ఊదింది. కీళ్ళు పట్టేస్తున్నా నేల మీద కోడలి పక్కన కూలబడింది. ఆ రొట్టె కోడలి కుడిచేతిలో పెట్టింది.

"నాకు నువ్వు పెట్టమ్మా."

"నేనా అత్తయ్యా?"

"నువ్వే. మీ మామయ్య చేత్తో తిన్నాను, వీడి చేత్తో తిన్నాను. ఒక్కనాడూ గొంతు దిగలేదే. ఇవాళ్టి నుంచి మన ఇంటికి పెద్ద నువ్వే."

"అమ్మా!" అని గోడ దగ్గర్నుంచి కొడుకు అరిచాడు. ఆవిడ తల తిప్పలేదు.

ఒక్క చేత్తో రొట్టె విరవడం కాలేదు. అత్త ఒక అంచు పట్టుకుంది. కోడలు లాగింది. విరిగింది. పెదవి మీది నెత్తురు భుజానికి తుడుచుకుని, ముక్క అత్త నోటి దగ్గర పెట్టి, "మీ కోసం విరిగాడు" అంది.

ముసలామె ఆ మాట ఎన్ని ఆదివారాలు విందో లెక్కలేదు. అయినా నోటి దాకా వచ్చిన ముక్కని చేత్తో ఆపింది.

"నా కోసం కూడానా?" అంది.

"మీ కోసమే, అత్తయ్యా."

ఆవిడ తింది. తింటూనే చంటిపిల్లలా బావురుమంది. ఏడుపు ఆగకముందే కోడలి మంచిచెయ్యి పట్టుకుని లేచి నిలబడింది.

"పద. ముందు ఆసుపత్రికి, తర్వాత పోలీసుల దగ్గరికి. నేను చూసిందంతా చెప్తాను. ఆ ఇంటికి నేనూ రాను."